స్వర్ణలత కంప్యూటరు, సిద్దమ్మ కుంకుమ

కల్లూరులో షేర్ ఆటో దిగి, అర్జీలు రాసే స్వర్ణలత ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చూపించి ఊరుకోరు. ఆయమ్మకు కోపమెక్కువ, కాస్త చూసుకుని మాట్లాడమని ఒక హెచ్చరిక కూడా చేసి పంపిస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. నలభై ఏడేళ్ళ స్వర్ణలతకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కాకపోతే ఆ కోపాన్ని ఆమె ఇరుగుపొరుగుల మీద పారబోయదు, దాచిపెట్టుకుని కాగితం మీద పెడుతుంది.

పింఛను ఆగిపోయినవాళ్ళు, రేషను కార్డులో పేరు తప్పుపడినవాళ్ళు, వీధి దీపం వెలగనివాళ్ళు పొద్దున్నే వచ్చి ఆమె వాకిట్లో నాపరాయి అరుగు మీద కూర్చుంటారు. వాళ్ళు చెప్పేదంతా ఆమె ఓపిగ్గా వింటుంది. విన్నాక ఒకటే ప్రశ్న అడుగుతుంది, ఇంతకీ నీకేం కావాలి అని. ఒక్క వాక్యంలో జవాబు చెప్పేదాకా కీబోర్డు మీద వేలు పెట్టదు. టైపు చేసి, రెండుసార్లు బయటికి చదివి వినిపించి, అప్పుడు వేలిముద్రో సంతకమో పెట్టించుకుంటుంది.

ఆమె అర్జీలకు ఇంకో గుర్తు ఉంది. వాటిలో బతిమాలటం కనిపించదు. తమ దయ, తమ చలవ, బీదవాడిని, గతిలేనివాడిని అనే మాటలు ఎంత వెతికినా దొరకవు. ఇవ్వవలసి ఉంది, ఇంతవరకు ఇవ్వలేదు, ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా తెలుపండి. ఆమె భాష అంతే. ఒక ముసలాయన, అమ్మా, కాగితంలో రెండు దండాలు కూడా పెట్టమ్మా అని అడిగాడు ఒకసారి. "దండాలు కావాల్నంటే నువ్వు పెట్టుకో తాతా. నా కంప్యూటరు పెట్టదు" అంది స్వర్ణలత.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు ఆమె కర్నూలులో కోర్టు దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తెలుగు టైపు చేసేది. పెళ్ళయ్యాక ఆ పని పోయింది. భర్త ఓబుళేశు కల్లూరు నుంచి పట్నంలో రాజవిహార్ దాకా షేర్ ఆటో తోలుతాడు. పన్నెండేళ్ళ కిందట ఆటో స్టాండు దగ్గరి నెట్ సెంటరు మూతబడి సామాన్లు అమ్ముతుంటే, నల్లటి నిలువు డబ్బా ఒకటి, దాని తెర, కీబోర్డు, ఒక పాత ప్రింటరు ఆటోలో వేసుకొచ్చి భార్య ముందు దించాడు. చీర తెచ్చి ఉంటే ఆమె అంత సంతోషపడేది కాదు.

మొదటి వేసవిలోనే అది వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది. స్వర్ణలత స్క్రూలు విప్పి డబ్బా పక్కతలుపు పీకేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టింది. కర్నూలు ఎండలో మనిషే తలుపులు బిగించుకుని కూర్చోలేడు, పాపం అదెలా కూర్చుంటుందని ఆమె వాదన. పీకిన తలుపు పెరట్లో నీళ్ళ డ్రమ్ముకు మూతగా అమిరింది. పన్నెండేళ్ళుగా ఆ కంప్యూటరు పేగులు బయటపెట్టుకునే పనిచేస్తోంది.

ఇంట్లో ఉండే మూడో మనిషి ఓబుళేశు తల్లి సిద్దమ్మ. డెబ్బై దాటింది. ఓర్వకల్లు దగ్గర మెట్టపల్లెలో ఉండేది, పద్నాలుగేళ్ళ కిందట భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. చప్పుడు లేని మనిషి. ఇంట్లోంచి ఎవరైనా పనిమీద బయలుదేరుతున్నారంటే చాలు, తనంత తానే వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేది. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే మంచిది కాదని ఈ ఇంట్లో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. స్వర్ణలత మొదట్లో నాలుగైదుసార్లు విసుక్కుంది, నువ్వేం దొంగతనం చేసినావని దాక్కుంటావని. ముసలామె నవ్వి ఊరుకునేది, మళ్ళీ అలాగే చేసేది. కొన్నాళ్ళకు స్వర్ణలత కూడా అలవాటు పడింది.

ఇక అసలు గొడవ. వాళ్ళ కాలనీ మూల మీద నాలుగు సెంట్ల స్థలంలో ఉమ్మడి బోరు ఉంది. ఇరవై ఏళ్ళ కిందట లేఅవుట్ వేసినప్పుడే ఆ స్థలం అందరికీ అని వదిలారు. నలభై ఇళ్ళవాళ్ళు కలిసి బోరు వేయించుకున్నారు. ఎండాకాలం చుట్టుపక్కల వీధులు ట్యాంకరు కోసం బిందెలు వరసపెడితే, వీళ్ళు మాత్రం ఈ బోరు నీళ్ళతోనే గట్టెక్కేవాళ్ళు. ఈ ఏడు మార్చి నెల చివర, పక్క స్థలం కొనుక్కున్న భూపేష్ అనే కాంట్రాక్టరు ఒక్క పూటలో దాని చుట్టూ రాతి కడీలు పాతించి, ముళ్ళతీగ లాగించి, మోటారు స్టార్టరు పెట్టెకు తాళం వేశాడు. ఆ మూల కూడా తన రిజిస్ట్రేషనులోదే అన్నాడు.

భూపేష్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. అందరినీ అక్కా, అన్నా అనే పిలుస్తాడు. "నీళ్ళు పట్టుకోవద్దంటినా అక్కా? పట్టుకోండి. ఒక మాట అడిగి పట్టుకోండి, అంతే" అన్నాడు. పొద్దున ఒక గంట తాళం తీసేవాడు. జనం కూడా పోయి అడగటం మొదలుపెట్టారు. అడిగితే పోయేదేముందని పక్కింటి రామసుబ్బమ్మ అంటే స్వర్ణలతకు ఒళ్ళు మండింది. మన డబ్బుతో తవ్విన బోరు దగ్గర మనం అడిగి ముంచుకోవడం మొదలుపెడితే, రేపు వాడు కాదన్న రోజున ఏమని నోరు తెరుస్తామని ఆమె లెక్క. ఆమె ఇంటికి ఆ బోరు నీళ్ళు రాక రెండు నెలలైంది. ఓబుళేశు ఆటోలో రెండు డబ్బాలు ఎక్కడినుంచో తెచ్చేవాడు. గొణిగేవాడు కానీ తెచ్చేవాడు.

స్వర్ణలత మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టింది. దానితోపాటు లేఅవుట్ పటం కావాలని సమాచార హక్కు కింద ఇంకో కాగితం పెట్టింది. మే నెల మూడో వారంలో రెండూ ఒకేసారి కదిలాయి. సోమవారం విచారణకు రమ్మని ఒక నోటీసు, పటం ఉన్న సీడీ ఒకటి గురువారం నాడు చేతికొచ్చాయి. పటంలో ఆ మూల ఎవరి పేర ఉందో చూపించగలిగితే కడీలు లేస్తాయి. చూపించలేకపోతే బోరు భూపేష్‌దే. నలభై ఇళ్ళు ఇక జన్మంతా అడిగి తాగాల్సిందే.

సీడీ పెట్టింది. పటం నిలువెత్తు పాత కాగితం, దాన్ని ఉన్నదున్నట్టు భారీ ఫైలుగా స్కాన్ చేశారు. కంప్యూటరు ఒక మూల తెరిచి, తెల్లబోయి, ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆగింది. రాజవిహార్ దగ్గర ఒక నెట్ సెంటరుకు పట్టుకుపోతే వాళ్ళు తెరిచారు గానీ, వెనక దరఖాస్తులు నింపే పిల్లల వరస పెరిగేసరికి మొత్తం పటాన్ని ఒకే చిన్న కాగితం మీదకు కుదించి అచ్చుతీసి ఇచ్చి పంపారు. దాని మీద నాలుగు వందల ప్లాట్లు ఆవగింజల్లా ఉన్నాయి. కల్లూరులో ఉన్న ఒకే ఒక్క నెట్ సెంటరు భూపేష్ మేనల్లుడిది. సీడీ తెరుచుకోని సంగతి ఎలా పాకిందో, సాయంత్రం భూపేష్ స్వయంగా వాకిట్లోకి వచ్చి, ఆ సీడీ ఇటివ్వక్కా, మావాడు నీకు పెద్దగా తీసిస్తాడని నవ్వుతూ చెయ్యి చాచాడు.

"నా కాగితం నా ఇంట్లోనే తెరుచుకుంటాది. నువ్వు పోప్పా" అంది స్వర్ణలత.

అనడమైతే అంది. అతను పోయాక కంప్యూటరు ముందు కూర్చుని, ఏ పనికి ఎంత మెమరీ పోతోందో చూపించే పట్టిక తెరిచింది. ఉన్నది ఒక్క జీబీ. పటం నోరు తెరవగానే అదంతా ఖాళీ. అర్జీలు టైపు చేసుకోవడానికి అది చాలు, పన్నెండేళ్ళు చాలింది. పటానికి చాలదు. డబ్బా లోపల పచ్చటి బోర్డు మీద మెమరీ కడ్డీలు పెట్టే సందులు రెండున్నాయి. ఒకదాంట్లో కడ్డీ ఉంది, రెండోది మొదటినుంచీ ఖాళీ. అంటే ఇంకొకటి పెట్టుకోవడానికి చోటుందన్నమాట.

శుక్రవారం పొద్దున ప్లగ్గు పీకి, ఒంట్లో ఉన్న కరెంటు పోవడానికి డబ్బా ఇనుమును ఒకసారి తాకి, రెండు పక్కలా కొక్కేలు వెనక్కి నొక్కి, ఉన్న కడ్డీని పైకి తీసింది. దాని అడుగున ఒకచోట చిన్న నొక్కు ఉంటుంది. తప్పు రకం కొంటే ఆ నొక్కు కుదరదని యూట్యూబులో చూసింది. అందుకని కడ్డీని నూలుగుడ్డలో చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని పట్నానికి పోయింది. మొదటి షాపువాడు డబ్బాలోది చూసి, ఇది మ్యూజియంలో పెట్టాల్సిందక్కా, సిస్టం మార్చుకో అన్నాడు. రెండోవాడు కొత్త రకం ఇచ్చి ఇదే సరిపోతుందన్నాడు. స్వర్ణలత రెండూ పక్కపక్కన పెట్టి నొక్కు చూపించింది. వాడు తనది వెనక్కి తీసుకున్నాడు. మూడో షాపులో ఒక పెద్దాయన సొరుగంతా వెతికి పాత రకానిది రెండు జీబీది ఒకటే ఒకటి తీసి ఇచ్చాడు. ఇంకొకటి కావాలన్నా లేదన్నాడు.

ఇంటికొచ్చి పాతదాన్ని దాని సందులో, కొత్తదాన్ని ఖాళీ సందులో పెట్టి టక్కుమనేదాకా నొక్కి స్విచ్చు వేసింది. తెర నల్లగానే ఉంది. డబ్బా మాత్రం బీప్, బీప్ అని ఆపకుండా అరవసాగింది. కొత్తదే పాడయిందేమోనని, పాతది తీసి దాని చోట కొత్తది ఒక్కటే పెట్టి చూసింది. చక్కగా నడిచింది. పటం కూడా తెరుచుకుంది. అయితే మూలను పెద్దది చేసి చూద్దామనేసరికి మళ్ళీ ఆగిపోయింది. ఇటు చూస్తే రెండు జీబీ చాలడం లేదు, అటు చూస్తే రెండో సందు దేన్నీ ఒప్పుకోవడం లేదు. షాపు పెద్దాయనకు ఫోను చేస్తే, స్లాటు చచ్చిపోయినట్టుంది తల్లీ, బోర్డు మార్చాలి, ఆ బోర్డు ఇప్పుడు దొరకదు అన్నాడు.

ఓబుళేశు గడపలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "ఇంక ఇడిసిపెట్టమ్మే. నువ్వు చేయాల్సిందంతా చేస్తివి" అన్నాడు. అతను మంచికే అన్నాడు. స్వర్ణలతకు మాత్రం ఆ మాట తల కొట్టేసినట్టనిపించింది. చచ్చిపోయిందని అందరూ అంటున్నారు సరే, దేంతో చచ్చిపోయిందో ఒక్కరూ చెప్పరేమని ఆమె అడిగింది. మనిషి పోతేనే ఏ జబ్బుతో పోయాడని నలుగురూ ఆరా తీస్తారు, పన్నెండేళ్ళు ఊడిగం చేసిన దానికి ఆ మాత్రం మర్యాద లేదా అంది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోను లైటు వేసుకుని, డబ్బాను నేలమీద పడుకోబెట్టి తానూ దాని పక్కన పడుకుంది.

రెండో సందు అడుగున ఎర్రగా ఏదో కనిపించింది. తుప్పేమో అనుకుంది. అగ్గిపుల్ల మొనతో గీకితే గట్టిగా, పెళుసుగా ఊడివచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే ఎరుపులో పసుపు కలిసింది. వాసన చూసింది. అది కుంకుమ. దసరా నాడు కొట్టిన టెంకాయ నీళ్ళు చిలకరించినప్పుడు తడిసి, ఏడాదికొక పొర పేరుకుని, ఎండకు గట్టిపడిన కుంకుమ.

ఆమె లేచి కూర్చునేసరికి వంటింటి తలుపు దగ్గర సిద్దమ్మ నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. "అది నేను పెట్టిందేమ్మే" అంది.

ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లకు బొట్లు పెట్టడం సిద్దమ్మ పని. ఓబుళేశు తన ఆటోకు పూజ చేయించుకోవడానికి స్టాండుకు పోతాడు. స్వర్ణలత పొయ్యి దగ్గర ఉంటుంది. కొడవలికి, కత్తిపీటకు, రోలుకు, కంప్యూటరుకు ముసలామె పసుపూ కుంకుమా పెడుతుంది. డబ్బా నెత్తిన పెట్టిన బొట్టు స్వర్ణలతకు తెలుసు. లోపల పెడుతున్నట్టు తెలియదు. లోపల కూడా ఎందుకు పెట్టావత్తా అని అడిగింది. ఆ గొంతు ఎలా ఉందో ఆమెకే తెలుసు, అటూ ఇటూ అయితే అరిచేదే.

"బయట డబ్బాకు పెడితే దానికేం తెలుస్తాదిమ్మే. పని చేసేదంతా లోపలే కదా. తలుపు కూడా లేకపాయె. ఆ పచ్చ పలకకు పెడితి, గిరగిర తిరిగేదానికి పెడితి. ఈ సందొకటి ఖాళీగా ఉండె. పక్కదానికి ఏదో తగిలిచ్చినారు, దీనికేమీ లేదు. పాపమనిపిచ్చి దీంట్లో రోంత ఎక్కువే పెడతాంటి." సిద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "నా చేత ఎవరు పెట్టిచ్చుకుంటారు? అది వద్దనదు కదా."

తిడదామనుకున్న స్వర్ణలత మనసులో లెక్క వేసుకుంది. పద్నాలుగేళ్ళు. ఈ వీధిలో ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయి, ఎన్ని వ్రతాలయ్యాయి, ఒక్కరూ ఈ మనిషి వైపు కుంకుమ భరిణె చాచలేదు. పేరంటాలకు పిలవడానికి వచ్చినవాళ్ళు కోడలికి బొట్టు పెట్టి, అత్తను పలకరించకుండానే మెట్లు దిగేవాళ్ళు. ఏడాదికి ఒక్కరోజు, ఎవరూ చూడనప్పుడు, మనిషి కాని ఒక వస్తువుకు ఆమె చేతారా కుంకుమ పెట్టుకుంది. ఊరందరి తరఫునా అర్జీలు రాసిన తాను, ఇంట్లో జరుగుతున్న ఈ అన్యాయం మీద ఒక్క కాగితం రాయలేదు. రాయకపోగా అలవాటు పడిపోయింది. అది తలుచుకుంటే స్వర్ణలతకు సిగ్గేసింది. ఆ వెంటనే పట్టలేని కోపం వచ్చింది.

"పెట్టినదానివి నువ్వే తీయల్ల. రా, కూచో" అంది. ముసలామె భయంగా చూస్తుంటే, "నా కోపం నీ మీద కాదులే అత్తా" అంది.

అత్తాకోడళ్ళిద్దరూ నేలమీద చతికిలబడ్డారు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ ఒక గిన్నెలో పోశారు. ముందు పాత పళ్ళబ్రష్షుతో రుద్దారు, కుచ్చు లోపలిదాకా పోలేదు. సందు సన్నం. మందంగా, గట్టిగా, పట్టీలా ఉండేది కావాలి. స్వర్ణలత బీరువా మీదినుంచి ఒక పెళ్ళి శుభలేఖ తీసి కత్తెర పట్టింది.

"ఆగుమ్మే. దానికీ మూలలకు పసుపుండాది. అది కోసేయ్ ముందు" అంది సిద్దమ్మ. పొద్దుటినుంచి మొదటిసారి స్వర్ణలత నవ్వింది.

మూలలు తీసేసిన అట్టముక్కను స్పిరిట్లో ముంచి సిద్దమ్మ ఆ సందులోకి దింపి పైకి లాగింది. ఎర్రగా వచ్చింది. ఇంకో ముక్క, ఇంకా ఎరుపు. పదకొండు దసరాల కుంకుమ ముక్క ముక్కకూ బయటికి వచ్చింది. రెండు శుభలేఖలు అయిపోయి, మూడోది సగంలో ఉండగా ముక్క తెల్లగా పైకొచ్చింది. గడపలో కూర్చున్న ఓబుళేశు ఏమనుకున్నాడో ఏమో, లేచిపోయి ఆటోలోంచి టైరుకు గాలి కొట్టే పంపు తెచ్చాడు. గొట్టం సందుకు ఆనించి కాలితో తొక్కాడు. పన్నెండేళ్ళ దుమ్ము ముగ్గురి ముఖాల మీదికి లేచింది. తుమ్ములు అయ్యాక, స్పిరిట్ వాసన పూర్తిగా పోయేదాకా డబ్బాను వాకిట్లో నీడపట్టున ఆరబెట్టారు.

మధ్యాహ్నం మూడింటికి రెండు కడ్డీలూ బిగించి స్విచ్చు వేసింది. ఒక్క బీప్, చిన్నది. తెర వెలిగింది. మెమరీ పట్టికలో మూడు జీబీ అని చూపింది. సీడీ పెట్టింది. పటం తెరుచుకుంది. పెద్దది చేసింది, ఆగలేదు. ఇంకా పెద్దది చేసి, ప్లాట్ల నంబర్లు ఒక్కొక్కటే దాటుకుంటూ వీధి మూలకు వచ్చింది. భూపేష్ కొన్న ప్లాటు గీత అక్కడే ఆగిపోయింది. దాని పక్కన నాలుగు సెంట్ల ముక్క మీద చేతిరాతతో ఉమ్మడి స్థలం అని, మధ్యలో చిన్న సున్నా చుట్టి బోరుకు అని రాసి ఉంది. స్వర్ణలత ఆ రెండు ముక్కలూ బయటికి చదివింది. అలవాటు ప్రకారం రెండోసారి కూడా చదివింది.

సోమవారం పొద్దున నాలుగు కాగితాల మీద అచ్చుతీసి అతికించిన పటం, సీడీ చేత్తో పట్టుకుని ఆమె వాకిట్లోకి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు పదిమందిదాకా నిలబడి ఉన్నారు. శకునాలు బాగా చూసే రామసుబ్బమ్మ, మంచి ఎదురు తానే రావాలని తలస్నానం చేసి నీళ్ళ బిందెతో తయారుగా ఉంది. సిద్దమ్మ ఎప్పట్లాగే వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంది. స్వర్ణలత గడప దగ్గర ఆగింది.

"అత్తా, బయటికి రా."

నువ్వు పోమ్మే, నేను తర్వాత వస్తానని లోపలినుంచి సన్నగా వినిపించింది.

"నువ్వు ఎదురొస్తేనే నేను కదిలేది. విచారణ పదకొండుకు. నువ్వు రాకుంటే నేనీడనే కూచుంటా. బోరు పోతే పోనీ" అంది స్వర్ణలత. అని, నిజంగానే చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంది.

వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది. రామసుబ్బమ్మ బిందె దించి ఏదో అనబోయింది. స్వర్ణలత ఆమె వైపు ఒక్క చూపు చూసేసరికి ఆ మాట లోపలే ఉండిపోయింది. చాలాసేపటికి సిద్దమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చి, వీధి గేటు దాటి, వెనక్కి తిరిగి, తల వంచుకుని కోడలికి ఎదురు నడిచి వచ్చింది. స్వర్ణలత ఆమె పక్కనుంచి పోయి ఆటో ఎక్కింది. ఓబుళేశు కళ్ళు తుడుచుకుని కిక్కు కొట్టాడు.

విచారణ అరగంటలో తేలిపోయింది. భూపేష్ కాగితాలన్నీ సంచిలో సర్దుకుని వచ్చాడు. స్వర్ణలత పటం పరవగానే, ఇంట్లో కంప్యూటరులో ఏమైనా గీసుకోవచ్చు సార్ అన్నాడు, నవ్వుతూనే. స్వర్ణలత సీడీ తీసి అధికారి బల్ల మీద పెట్టింది. "ఇది మీరిచ్చిందే సార్. మీ కంప్యూటరులోనే తెరవండి. తెరుచుకోకుంటే చెప్పండి, మెమరీ ఎట్ల బిగించాల్నో నేను చూపిస్తా." అది తెరుచుకుంది. అధికారి ఆ మూలను వెతుక్కోవలసిన అవసరం కూడా రాలేదు, ఎక్కడుందో ఆమె వేలుపెట్టి చూపించింది.

వారంలో కడీలు తీసేయాలని ఉత్తర్వు వచ్చింది. భూపేష్ దాన్ని నెల రోజులు సాగదీశాడు. స్వర్ణలత ఇంకో మూడు కాగితాలు పెట్టాక తీశాడు. రాళ్ళు పీకిన గుంతలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, అతను పూడ్చలేదు, ఈమె పూడ్చనివ్వలేదు. చూసేవాళ్ళు చూడనీ అంటుంది.

అక్టోబరులో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బోరు మోటారుకు పూజ చేద్దామని వీధి ఆడవాళ్ళు మూల మీద చేరారు. రామసుబ్బమ్మ చేతిలో పళ్ళెం ఉంది. పసుపు, కుంకుమ, టెంకాయ, అన్నీ సర్దుకుని తెచ్చింది. అందరికన్నా వెనక, గోడ వారన నిలబడిన సిద్దమ్మ దగ్గరికి ఆమె తనంత తానే నడిచి వచ్చింది.

"పెద్దమ్మా, మోటారుకు నువ్వే పెట్టల్ల" అంది. స్వర్ణలత చెప్పించిందేమోనని సిద్దమ్మ కోడలి వైపు చూసింది. స్వర్ణలత కూడా అంతే తెల్లబోయి చూస్తోంది.

సిద్దమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. అరచేతిలో కుంకుమ వేసుకుని, నాలుగు చుక్కల నీళ్ళు కలిపి ముద్ద చేసింది. స్టార్టరు పెట్టె తలుపు సరిగ్గా మూసి ఉందో లేదో లాగి చూసింది. బయటి ఇనుప రేకు మీద, మధ్యలో, ఒక్కటంటే ఒక్క బొట్టు పెట్టింది. "లోపలికి రోంత కూడా పోనీలేదు" అని కోడలికి చెప్పింది.

చెయ్యి కడుక్కుందామని పక్కకు తిరిగితే రామసుబ్బమ్మ దారికడ్డంగా నిలబడి ఉంది. "ఇంకా వేలికి ఉండాది కదా పెద్దమ్మా" అంటూ నుదురు ముందుకు వంచింది. సిద్దమ్మ చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది. తర్వాత మెల్లగా కదిలింది.

స్వర్ణలత వాళ్ళ వైపు చూడకుండా పోయి మోటారు వేసింది. పైపులోంచి నీళ్ళు పైకి రావడానికి ఎప్పుడూ రెండు నిమిషాలు పడుతుంది. అవి వచ్చేసరికి ఆడవాళ్ళంతా వరసకట్టి ఉన్నారు. బిందెలన్నీ కుళాయి దగ్గర పెట్టేసి, మనుషులు మాత్రం సిద్దమ్మ ముందు నిలబడ్డారు.